మిగిలిన కూర, లోతైన తపేలా: ఒక షెల్టర్ వంటగది కేస్ స్టడీ

నిరాశ్రయుల షెల్టర్‌లో తిన్నవాళ్లకు కడుపు పాడైతే అందరూ మొదట వండినవాళ్ల చేతుల వంకే చూస్తారు. ఈ కేసులోనూ అదే జరిగింది. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. ఎంతమంది వస్తారో తెలియక ఎక్కువ వండారు, మిగిలింది పారబోయడానికి మనసొప్పక దాచారు, దాచిన పాత్ర లోతుగా ఉంది. ఈ మూడూ కలిసి ఇద్దరు మంచి వాలంటీర్లను ఆ వంటగదికి దూరం చేశాయి. ఊరు, సంస్థ, మనుషుల గుర్తులు తీసేసి, నిర్ణయాలను, వాటి వెనకున్న ఆలోచనను ఇక్కడ రాస్తున్నాను.

నేపథ్యం

షెల్టర్‌లో 90 పడకలు. రాత్రి భోజనం మాత్రం లోపల పడుకునేవాళ్లతో పాటు బయట వీధుల్లో ఉండేవాళ్లకూ పెడతారు. అందుకే తినేవాళ్ల సంఖ్య ఒక రోజు 70, ఇంకో రోజు 115. జీతం తీసుకునే వంటవాళ్లు లేరు. వారంలో ఒక్కో రాత్రి ఒక్కో వాలంటీర్ల బృందానిది. 6 నుంచి 9 మంది మధ్యాహ్నం 3:30కి వచ్చి వండుతారు. రాత్రి 7 నుంచి 8:30 దాకా వడ్డించి, గిన్నెలు కడిగి వెళ్తారు. శనివారం బృందంలో ఎవరుంటారో ఆదివారం వాళ్లకు తెలియదు. ఒకరి నుంచి ఒకరికి అందేది ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిన గిన్నెలే.

నాలుగు బర్నర్ల పొయ్యి, రెండు తలుపుల ఫ్రిజ్ ఒకటి, ఫ్రీజర్ ఒకటి, 45 లీటర్ల గుండిగలు రెండు, 20 లీటర్ల తపేలాలు మూడు, హాట్ బాక్స్‌లు రెండు, సైజుకొకటి చొప్పున అయిదారు గరిటెలు ఉన్నాయి. థర్మామీటర్ లేదు. వంటగదిలో ఇది లేకపోవడం ఎవరికీ లోటుగా అనిపించలేదు, ఎందుకంటే అక్కడ వండేవాళ్లంతా ఇంట్లో బాగా వండేవాళ్లే. నలుగురికి వండే చేయి వందమందికి వండేటప్పుడు కొన్నిచోట్ల మోసం చేస్తుంది. ఇంట్లో రెండు లీటర్ల కూర చల్లారడానికీ, ఇక్కడ పద్నాలుగు లీటర్లు చల్లారడానికీ పోలికే లేదు.

శనివారం వంటకం దాదాపు ఎప్పుడూ ఒకటే: అన్నం, చికెనూ బంగాళాదుంపలూ వేసిన చిక్కటి కూర, మాంసం తిననివాళ్లకు వేరే పొయ్యి మీద పప్పు, ఒక పండు.

ఎదురైన సమస్య

ఒక ఆదివారం రాత్రి 84 మంది తిన్నారు. తెల్లవారుజామున 3 గంటల నుంచి ఉదయం 8 లోపు 21 మందికి కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు. వాంతులు ఇద్దరికే. జ్వరం ఎవరికీ లేదు. మర్నాటి రాత్రికల్లా దాదాపు అందరూ కుదుటపడ్డారు.

చదవడానికి ఇది చిన్న సంగతిలా కనిపించవచ్చు. 90 పడకలకు ఆ షెల్టర్‌లో ఉన్నవి నాలుగు మరుగుదొడ్లు. బయట పడుకునేవాళ్లకు ఆ వేళలో ఒక్కటీ లేదు. మధుమేహానికి మందులు వాడేవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, మద్యం మానే ప్రయత్నంలో ఉన్నవాళ్లు వరుసగా ఆరేడు విరేచనాలు అయితే నీరసంతో ఆగరు, ప్రమాదంలో పడతారు. అందుకే షెల్టర్ నిర్వాహకులు అదే ఉదయం స్థానిక ఆరోగ్య అధికారులకు చెప్పారు, ఓఆర్‌ఎస్ పంచారు, ముగ్గురిని ఆస్పత్రికి పంపారు. ఇది సరైన క్రమం. కారణం వెతకడం ఆ తర్వాతి పని.

అయిదు వారాల తర్వాత మళ్లీ అదే. మళ్లీ ఆదివారమే. ఈసారి 14 మంది.

రెండుసార్లూ ఆదివారమే కావడంతో వేలు ఆదివారం బృందం మీదికి వెళ్లింది. నిజానికి ఏడు బృందాల్లోకీ బల్లలు బాగా తుడిచేది, పచ్చి మాంసం పలక వేరుగా పెట్టేది వాళ్లే. ఆ మాట వాళ్ల తరఫున అప్పుడు ఎవరూ అనలేదు.

కారణం వెతికిన తీరు

మొదటి ఘటన తర్వాత ప్రయోగశాలకు పంపడానికి ఏమీ మిగల్లేదు. భయంతో ఉన్నదంతా పారబోశారు, గుండిగలు మరిగే నీళ్లతో కడిగేశారు. అది సహజమే కానీ ఆధారం అలాగే పోతుంది. కాబట్టి ఈ కేసులో ఫలానా సూక్ష్మజీవి అని ప్రయోగశాల నిర్ధారణ లేదు. ఉన్నవి మూడు ఆధారాలు: ఎవరేం తిన్నారు, ఎన్ని గంటలకు లక్షణాలు మొదలయ్యాయి, కూర ఎంత వేడి మీద ఎంతసేపు ఉంది.

మొదటిదానికి ఒక కాగితం మీద నాలుగు గడులు గీస్తే చాలు. కూర తిన్నవాళ్లు, తిననివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, పడనివాళ్లు. ఆ రాత్రి కూర తిన్నవాళ్లు 68 మంది, పప్పుతో సరిపెట్టుకున్నవాళ్లు 16 మంది. జబ్బుపడ్డ 21 మందీ మొదటి గడిలోనే ఉన్నారు. అన్నం, పండు అందరూ తిన్నారు కాబట్టి వాటి మీద అనుమానం తగ్గింది.

రెండోది గడియారం. వండినవాళ్ల చేతుల మీది పుండ్ల నుంచో ముక్కు నుంచో ఆహారంలోకి చేరే స్టెఫైలోకాకస్ విషం అయితే తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో, ప్రధానంగా వాంతులతో బయటపడుతుంది. నోరోవైరస్ సాధారణంగా 12 నుంచి 48 గంటలు తీసుకుంటుంది, వాంతులు ఎక్కువ, పైగా పక్క పడకకు అంటుకుంటుంది. ఇక్కడ రెండో విడత అంటూ రాలేదు. భోజనం రాత్రి 7 తర్వాత, నొప్పులు 3 నుంచి 8 మధ్య, అంటే సుమారు ఆరున్నర నుంచి 13 గంటలు. కడుపునొప్పి, విరేచనాలు ఎక్కువ, వాంతులూ జ్వరమూ దాదాపు లేవు, ఒక్క రోజులో తగ్గింది. ఈ గుర్తులన్నీ క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా వైపు చూపిస్తాయి. పెద్ద పాత్రల్లో మాంసం, గ్రేవీ వండి నిదానంగా చల్లార్చే చోట్ల దీని పేరు తరచూ వినిపిస్తుంది.

దీని పద్ధతి తెలిస్తే మిగతా కేసంతా అర్థమవుతుంది. దీని బీజాలు, అంటే గట్టి పొర కప్పుకుని నిద్రలో ఉండే రూపాలు, మరుగుకు చావవు. ఉడికేటప్పుడు మిగతా సూక్ష్మజీవులు చచ్చి పోటీ తగ్గుతుంది, చిక్కటి కూర అడుగున గాలి ఉండదు, అక్కడ ఈ బీజాలు మొలకెత్తుతాయి. 12 నుంచి 50 డిగ్రీల మధ్య పెరుగుతాయి. 43 నుంచి 47 డిగ్రీల దగ్గర మరీ జోరు, అనుకూలిస్తే పది నిమిషాల లోపే రెట్టింపు అవుతాయి. కాబట్టి "కూరను ఎంత బాగా ఉడికించారు?" అన్న ప్రశ్నతో ఇక్కడ పని జరగదు. ఉడికాక అది 50 నుంచి 12 డిగ్రీల దాకా ఎంతసేపట్లో దిగిందో అడగాలి.

అప్పుడే ఎవరో అన్నారు, ఆదివారం కూరలో సగం శనివారానిదే అని. ఎప్పుడూ అలాగే జరుగుతుందట. శనివారం వాళ్లు మిగిలింది తపేలాలో పోసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి వెళ్తారు. మూత మీద అంటించిన కాగితంలో "కూర" అని ఒక్క మాట ఉంటుంది. ఆదివారం వాళ్లు దాన్ని వేడి చేసి కొత్త కూరలో కలుపుతారు. దాచడమే తప్ప అందులో దాపరికమేమీ లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

తపేలా లోపల ఏం జరుగుతోంది

వాదించే బదులు కొలిచాం. తీగ చివర ఆహారంలో గుచ్చే కడ్డీ (ప్రోబ్) ఉన్న థర్మామీటర్ తెప్పించి, ఒక శనివారం మిగిలిన 14 లీటర్ల కూరను ఎప్పటిలాగే తపేలాలో పోసి, మూత పెట్టి, ప్రోబ్ మొన సరిగ్గా నడిమధ్యన ఉండేలా కట్టి ఫ్రిజ్‌లో పెట్టాం. ఆ కూర పరీక్ష కోసమే, మర్నాడు పారబోశాం. తపేలా అడ్డుకొలత 28 సెంటీమీటర్లు, కూర లోతు 23.

రాత్రి 9:30కి 68 డిగ్రీలు. 11:30కి 60. రాత్రి 1:30కి 51. 3:30కి 42. ఉదయం 7:30కి 28.

ఉదయం మూత తీసి వేలు పెడితే పైపొర చల్లగా ఉంది. గిన్నె అంచు మంచులా ఉంది. మధ్యలో మాత్రం గోరువెచ్చన. ఫ్రిజ్‌లో పెట్టాం కాబట్టి చల్లబడిపోయిందనే అందరి నమ్మకం. ఫ్రిజ్ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. 23 సెంటీమీటర్ల చిక్కటి గ్రేవీ నడుమ ఉన్న వేడి బయటికి రావడానికి రాత్రంతా పట్టింది. అందులో ఆరు గంటలు ఆ బ్యాక్టీరియా పెరగగలిగిన పరిధిలోనే గడిచాయి. అమెరికా ఫుడ్ కోడ్ లెక్క ప్రకారం వండిన ఆహారం 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, మొత్తం ఆరు గంటల్లో 5కి దిగాలి. ఈ తపేలా పది గంటలైనా మొదటి మెట్టే దిగలేదు.

ఈ అయిదు అంకెలను చూపించాక వంటగదిలో వాదనలు దాదాపు ఆగిపోయాయి.

చేసి చూసినవి, పనిచేయనివి

కొలవడానికి ముందు, తర్వాత కలిపి నాలుగు ప్రయత్నాలు బెడిసికొట్టాయి. అన్నిటికీ ఆ సమయంలో ఒక న్యాయమైన కారణం ఉంది.

మొదటిది గ్లౌజులు. మొదటి ఘటన మర్నాడే పెట్టెలకు పెట్టెలు కొన్నారు, సింకు పైన చేతులు కడిగే బొమ్మ అంటించారు. చేతులు కడగడం ఎప్పుడూ మంచిదే. గ్లౌజుల సంగతి వేరు. చేతికి మసాలా అంటితే మనిషికి తెలుస్తుంది, కడుక్కుంటాడు. గ్లౌజుకు అంటితే తెలియదు. అదే గ్లౌజుతో ఫోను, చెత్తబుట్ట మూత, పళ్లెం అన్నీ ముట్టుకుంటారు. రెండో ఘటన జరిగిన రాత్రి అందరూ గ్లౌజులు వేసుకునే ఉన్నారు. ఇప్పుడు అక్కడ గ్లౌజులు వండిన పదార్థాన్ని నేరుగా ముట్టుకోవాల్సి వచ్చినప్పుడే, చేతి మీద గాయానికి కట్టు ఉన్నప్పుడే.

రెండోది, "పాత కూర బాగా మరిగించండి" అన్న ఆదేశం. సిద్ధాంతపరంగా ఇది సరైనదే. పెరిగిన పెర్‌ఫ్రింజెన్స్ కణాలు 74 డిగ్రీల వేడికి చస్తాయి. ఆదివారం బృందం పది నిమిషాలు మరిగించింది కూడా, బుడగలు చూసి దించింది. కొలిస్తే అంచు దగ్గర 91, నడిమధ్య 52. చిక్కటి కూర చుట్టూ కుతకుతలాడుతుంది, మధ్యలో ముద్దలా నిలబడుతుంది. గట్టిగా కలిపితే సర్దుకునేది, కానీ పొడుగు గరిటె కాడ విరిగిపోయి మూడు నెలలైంది. పొట్టి గరిటెతో గుండిగ అడుగు అందదు, అడుగంటిన వాసన రాగానే మంట తగ్గిస్తారు. తర్వాత దాన్ని హాట్ బాక్స్‌లో పోశారు. హాట్ బాక్స్ వేడిని నిలబెట్టేదే తప్ప పుట్టించేది కాదు. గంటన్నర వడ్డనలో మూత తెరుస్తూ మూస్తూ ఉంటే చివరి పళ్లేనికి 46 డిగ్రీలు. అంటే ఆ బ్యాక్టీరియాకు సరిగ్గా నచ్చే వేడి. కొత్త కూరలో కలపడం వల్ల పాతదానిలో ఉన్నది మొత్తానికీ పాకింది.

ఇక్కడ ఒక పక్కమాట. మరిగించి సరిచేసుకోవచ్చన్న నమ్మకం అన్నం విషయంలో ఇంకా ప్రమాదం. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ వదిలే వాంతుల విషం మళ్లీ వేడి చేసినా పోదు. గది వేడిలో వదిలేసిన అన్నాన్ని ఏ మంటా బాగుచేయదు.

మూడోది, "మిగిలింది మొత్తం పారబోయాలి" అన్న నియమం. కాగితం మీద ఇది అన్నిటికంటే సురక్షితం. రెండు వారాలు బానే నడిచినట్టు కనిపించింది. మూడో వారం పడకల కింద మూతి కట్టిన ప్లాస్టిక్ సంచులు దొరికాయి. ఆకలి మనుషుల కళ్ల ముందు పది లీటర్ల కూర చెత్తలో పోయడం వాలంటీర్లకు చేతకాలేదు. వేడివేడిగా సంచుల్లో పోసి పంచారు. ఫ్రిజ్‌లో చెడిపోయే కూర ఇప్పుడు దిండు కింద చెడిపోతోంది, పైగా ఎవరి కంటా పడకుండా. ఆ నియమం రాసినవాళ్లు కూరను లెక్కలోకి తీసుకున్నారు, ఆ కూర పారబోయాల్సిన మనిషిని తీసుకోలేదు.

నాలుగోది టోకెన్లు. ఎక్కువ వండడం ఆపాలంటే ముందే సంఖ్య తెలియాలి కదా అని, సాయంత్రం 4 లోపు పేరు నమోదు చేసుకుని టోకెన్ తీసుకోవాలన్నారు. సంఖ్య తెలిసింది, తగ్గింది కూడా. కూలి పనికి వెళ్లి ఆరింటికి వచ్చేవాళ్లకు, పేరు చెప్పడానికి జంకేవాళ్లకు టోకెన్ లేదు. రోజూ వచ్చే ముఖాల్లో పదిపన్నెండు కనబడటం మానేశాయి. పది రోజులకే ఎత్తేశారు. లెక్క మన అవసరం. దాని బరువు తినడానికి వచ్చేవాళ్ల మీద వేయకూడదు.

పనిచేసినవి

మలుపు ఒక మామూలు ప్రశ్నతో వచ్చింది: శనివారం 40 లీటర్లు ఎందుకు వండుతున్నారు? తలకు 250 మిల్లీలీటర్ల చొప్పున వందమందికి 25 లీటర్లు చాలు. సమాధానం: "ఒకసారి అయిపోయింది." ఎప్పుడో ఒక రాత్రి చివర నిలబడ్డ ఎనిమిది మందికి కూర అందలేదు. ఖాళీ గుండిగ ముందు పళ్లెం పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసిన వాలంటీర్ ఆ తర్వాత ఎప్పుడూ తక్కువ వండడు. అంటే ఈ అదనపు 15 లీటర్లు అజాగ్రత్తతో వండినవి కావు, భయంతో వండినవి. ఆ భయాన్ని తీసేయకుండా కొలత తగ్గించమంటే ఎవరూ తగ్గించరు.

అందుకని ముందు తరుగుబడకుండా ఏర్పాటు చేశాం. అలమరలో పాతికమందికి సరిపడా డబ్బాల్లో వచ్చే ఉడికిన చిక్కుడు గింజలు, టమాటా గుజ్జు ఎప్పుడూ ఉంటాయి. డబ్బా తెరిచిన పన్నెండు నిమిషాల్లో పొయ్యి మీద మరుగుతాయి. తెరవకపోతే నెలల తరబడి చెడవు. చివరి మనిషికి కూడా వేడి తిండి ఖాయం అన్న ధైర్యం వచ్చాక 40 లీటర్లు 28కి దిగడానికి రెండు వారాలే పట్టింది.

రెండో పని, వంటను రెండు విడతలు చేయడం. కూర 20 లీటర్లు మొదటి విడత. మరో 8 లీటర్లకు సరిపడా చికెన్ ఫ్రిజ్‌లో, తరిగిన కూరగాయలు పక్కన. సాయంత్రం 6:15కి షెల్టర్ సిబ్బందిలో ఒకరు పడకల లెక్కా, గేటు దగ్గర నిలబడ్డవాళ్ల లెక్కా కలిపి, దానికి పదో వంతు చేర్చి వంటగదికి చెబుతారు. ఆ అంకె 80 దాటితే రెండో విడత పొయ్యి ఎక్కుతుంది, 7:15కల్లా సిద్ధం. దాటకపోతే చికెన్ ఆ రాత్రే సిబ్బంది ఫ్రీజర్‌లో పెడతారు. బియ్యం తలకు 120 గ్రాములు. ఉడికాక బరువు మూడింతలకు కాస్త తక్కువ అవుతుంది, ఆకలి మీదున్న పెద్దవాళ్లకు సరిపోతుంది. అన్నం కూడా రెండు గిన్నెల్లో, 25 నిమిషాల తేడాతో ఎసరు పెడతారు. మూడు నెలల అంకెలు రాసి చూస్తే వానపడ్డ రోజు సంఖ్య పెరుగుతోంది, జనం చేతిలో కాస్త డబ్బు ఆడే రోజుల్లో తగ్గుతోంది. ఇది ఎవరికైనా తట్టేదే, కానీ రాసుకునేదాకా ఎవరూ దాన్నిబట్టి వండలేదు.

ఇక గరిటె. అన్నిటికంటే చవకైన మార్పు ఇదే. వడ్డన దగ్గర నిలబడి చూస్తే, ఒకరి చేతిలో 180 మిల్లీలీటర్ల గరిటె, పక్కవారి చేతిలో 270ది. రెండోవారు దాన్ని గోపురంలా నింపి పోస్తున్నారు. మొదటి ముప్పై మందికి ధారాళంగా పడుతుంది. గుండిగలో మట్టం తగ్గేకొద్దీ ఇద్దరి చేతులూ బిగుస్తాయి. చివరి ఇరవై మందికి గరిటెలో మూడొంతులే. ఆ బిగింపు వల్లే వడ్డన అయ్యాక నాలుగు లీటర్లు మిగులుతాయి. ముందువాళ్లకు ఎక్కువ, వెనకవాళ్లకు తక్కువ, గిన్నెలో మిగులు, మూడూ ఒకే పూట! పాత గరిటెలన్నీ పెట్టెలో పెట్టేసి 250 మిల్లీలీటర్ల గరిటెలు రెండు కొన్నారు. అంచుకు సమంగా ఒక్క గరిటె. అందరికీ ఒక విడత అయ్యాక, "ఇంకొంచెం కావాలంటే రండి" అని బిగ్గరగా చెప్పాలి. ఇలా చెబుతారని నమ్మకం కుదిరాక వరసలో తోపులాట కూడా తగ్గింది.

పళ్లేల్లో మిగిలేది కూడా రెండు రాత్రులు తూచాం. ఎక్కువగా మిగిలినవి ఎముక ఉన్న ముక్కలు, గట్టి క్యారట్. రుచి బాలేదేమో అనుకున్నారు. వచ్చేవాళ్లలో చాలామందికి నమలడానికి పళ్లు లేవు. ఎముక తీసేసి, ముక్కలు ఒకటిన్నర సెంటీమీటర్లకు తరిగి, చెంచా వెనకతో నొక్కితే మెదిగేదాకా ఉడికించడం మొదలుపెట్టాక ఆ బరువు సగానికి తగ్గింది.

వేడి నిలబెట్టడానికి హాట్ బాక్స్‌ను నమ్మడం మానేశారు. వెడల్పాటి ట్రేలో మరిగే నీళ్లు పోసి, సన్నని మంట మీద ఉంచి, అందులో కూర పాత్ర దించుతారు. 60 డిగ్రీల పైన ఉండాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. వడ్డన మొదట్లో, సగంలో, చివర్లో కొలిచి రాస్తారు. 60 కంటే తగ్గితే వెంటనే 74కి తెచ్చి మళ్లీ పెడతారు.

ఇంకా మిగిలే కొద్దిపాటి కూర సంగతి

మిగులు 14 లీటర్ల నుంచి రెండు మూడుకు వచ్చింది, సున్నాకు రాదు. దాన్ని చల్లార్చే పద్ధతికి కూడా ఒక వైఫల్యం దాటి వచ్చాం. ట్రేలలో పలచగా పోయమని చెప్పాం, అయిదు సెంటీమీటర్లకు మించకుండా. మొదటి రోజు రెండు ట్రేలు పొయ్యి మీంచి నేరుగా ఫ్రిజ్‌లోకి, ఒకదాని మీద ఒకటి వెళ్లాయి. అరగంటలో ఫ్రిజ్ లోపలి వేడి 4 నుంచి 11 డిగ్రీలకు ఎక్కింది. కూర సరిగా చల్లబడలేదు, పక్కనున్న పాలు వేడెక్కాయి.

ఇప్పటి పద్ధతి ఇది. సింకుకు బిరడా పెట్టి కుళాయి నీళ్లు నింపి, కూర పాత్రను అందులో దించి, అయిదు నిమిషాలకోసారి అడుగు నుంచి కలుపుతారు. పదిహేను నిమిషాల తర్వాత వేడెక్కిన నీళ్లు వదిలేసి చల్లనివి పట్టి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన రెండు లీటర్ల నీళ్ల సీసాలు వేస్తారు. సీసాను ముప్పావు వంతే నింపాలి, లేకపోతే గడ్డకట్టేటప్పుడు పగులుతుంది. పద్నాలుగు లీటర్లను 40 డిగ్రీల నుంచి 20కి దించడానికి దాదాపు మూడు కిలోల మంచు కావాలి, అంటే రెండు సీసాలు. సీసాలోది నిదానంగా కరుగుతుంది కాబట్టి మూడు వేస్తే నయం. రెండు మూడు లీటర్లకైతే ఒకటి చాలు. ప్రోబ్ 20 చూపించాక ట్రేలో పోసి, మూత వదులుగా పెట్టి, ఒక్కో అరలో ఒక్కో ట్రే. పూర్తిగా చల్లబడ్డాక మూత బిగిస్తారు. ఇదంతా చేసే ఓపిక ఆ రాత్రి లేకపోతే పారబోయాలి. రెండు లీటర్లు పారబోయడానికి మనసు ఒప్పుకుంటుంది, పద్నాలుగుకు ఒప్పుకోదు. మిగులు తగ్గించాలన్న పట్టుదల అందుకే.

మూత మీది కాగితంలో ఇప్పుడు నాలుగు సంగతులుంటాయి: పదార్థం, వండిన రోజు, 20 డిగ్రీలకు చేరిన సమయం, ఎప్పటిలోగా వాడాలి. సమయం రాయని గిన్నెను తర్వాతి బృందం తెరవకుండానే పారబోస్తుంది. పాతదాన్ని కొత్తదాంట్లో కలపడం పూర్తిగా నిషేధం. 60 సెంటీమీటర్ల కాడ ఉన్న గరిటెతో కలుపుతూ విడిగా వేడి చేసి, నడిమధ్య 74 చూపించాకే, ముందుగా వడ్డిస్తారు.

థర్మామీటర్‌ను వారానికోసారి పరీక్షించాలి. గ్లాసు నిండా నలగ్గొట్టిన మంచు వేసి, సందుల్లో నీళ్లు పోసి, ప్రోబ్ గ్లాసు అడుగుకు తగలకుండా ఉంచితే సున్నా చూపించాలి. ఒక పాత్ర నుంచి ఇంకోదాంట్లో పెట్టేముందు స్పిరిట్‌తో తుడవాలి. మొదటి వారం ఒకరు పచ్చి చికెన్‌లో గుచ్చిన ప్రోబ్‌ను అలాగే పప్పులో ముంచబోయారు.

తేలిన సంగతులు

ఆ పూట థర్మామీటర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే తుది మాట అని నిర్ణయించడం నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. వయసులో పెద్దవారు, వంటలో చేయి తిరిగినవారు "నాకు తెలుసులేమ్మా, ఉడికింది" అంటే ఎదురు చెప్పడం ఇరవై ఏళ్ల వాలంటీర్ వల్ల కాదు. "53 చూపిస్తోందండీ" అనగలదు.

ప్రతి వంటకం నుంచి 200 గ్రాములు శుభ్రమైన డబ్బాలో తీసి, తేదీ రాసి మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుతున్నారు. ఈసారి ఏదైనా జరిగితే ఊహ మీద ఆధారపడక్కర్లేదు. వాంతులు, విరేచనాలు అయిన వాలంటీర్ తగ్గిన తర్వాత మరో 48 గంటలు వంటగదికి రాకూడదన్న నియమం ఈ కేసుకు సంబంధం లేకపోయినా అప్పుడే పెట్టారు. ముందే ఉండాల్సింది.

ఆదివారం బృందానికి అయిదు అంకెల కాగితం చూపించి నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. మానేసిన ఇద్దరిలో ఒకరు తిరిగి వచ్చారు. విచారణ మొదట్లోనే "ఈ కూర ఎక్కడి నుంచి వచ్చింది" అని అడిగి ఉంటే ఇద్దరూ ఉండేవారు. ఎవరు వడ్డించారని అడిగితే మనిషి దొరుకుతాడు, గిన్నె ప్రయాణం అడిగితే కారణం దొరుకుతుంది.

ఏడు నెలలైంది, మూడో ఘటన లేదు. తెగని సమస్య ఒకటుంది. ఎక్కడో వేడుకలో మిగిలిన వంటలు రాత్రి ఎనిమిదింటికి గేటు దగ్గరికి వస్తాయి. ఎప్పుడు వండారో, ఎంతసేపు ఎక్కడ ఉన్నాయో తెలియదు. గుమ్మంలోనే ప్రోబ్ పెట్టి 60 దాటితేనే తీసుకోవాలని నియమం పెట్టారు. ఆ అంకె కూడా అప్పటి వేడినే చెబుతుంది, అంతకుముందు జరిగినదాన్ని చెప్పదు, కాబట్టి వండిన సమయం కూడా అడుగుతారు. పోయిన నెల ఒకరు పెద్ద పాత్రలో మాంసం కూర తెచ్చారు. ప్రోబ్ 47 చూపించింది. వాలంటీర్ చేతులు జోడించి వద్దన్నాడు. తెచ్చినాయన పాత్రను మళ్లీ బండిలోకి ఎక్కించుకుని వెళ్లిపోయారు, ఆ తర్వాత రాలేదు.